నమూనాలపై రంగు ఎందుకు చెడును?

వైజ్ఞానిక ప్రదర్శన రేపనగా, నెలదినములు శ్రమించి చేసిన నమూనా విమానమునకు విద్యార్థి రంగు వేయును. ఉదయము చూచునప్పటికి రెక్కలపై పాలపొర వంటి తెలుపు కనిపించును. తొందరలో దానిపై మరియొక పూత వేయును. నమూనా పూర్తిగా పాడగుట తరచుగా ఇచ్చటనే. కారణము తెలియక వేసిన పూత లోపమును కప్పదు, పెంచును.

నమూనాపై అల్పదోషము కూడ కంటికి తగులును. 1/72 కొలతలో ఒక అంగుళము అసలు విమానమున ఆరడుగులకు సమానము. రంగు 0.1 మిల్లీమీటరు ఎత్తున గడ్డకట్టినచో, అది అసలు విమానముపై 7.2 మిల్లీమీటర్ల గడ్డతో సమానమగును.

రంగులో ముఖ్యముగా మూడు భాగములు కలవు: రంగునిచ్చు వర్ణకము, దానిని అంటిపెట్టు బంధకము, వీనిని ద్రవరూపమున నుంచు ద్రావణి. పూత ఆరునపుడు ద్రావణి ఆవిరియై పోవును. పెక్కు లోపములు ఈ కొద్ది సమయములోనే పుట్టును.

మొదట తెల్లపొరను చూతము. లాకరు రంగులలోని ద్రావణి వేగముగా ఆవిరియగును. అందుకు కావలసిన ఉష్ణమును పూతనుండియే గ్రహించును. చేతిపై స్పిరిటు పోసినపుడు చల్లగానుండుట ఇందువలననే. పూత ఉష్ణోగ్రత తుషారస్థానమునకు దిగువకు పోయినచో, గాలిలోని నీటియావిరి దానిపై ద్రవీభవించి తెలుపు కట్టును. కావున మన కోస్తా జిల్లాలలో వానాకాలమున, గాలి తేమగానున్నపుడు లాకరు వేయరాదు. పొడిగానున్న దినమున, మెల్లగా ఆవిరియగు థిన్నరును పలుచగా పిచికారి చేసినచో పూత కొంచెము కరగును. చిక్కుకొన్న తేమ వెడలిపోయి తెలుపు సాధారణముగా తొలగును.

రెండవది నారింజతొక్క వలె గుంటలుపడిన పూత. పిచికారి బిందువులు తలమును చేరిన పిదప, తలతన్యత వానిని కలిపి చదును చేయవలెను. రంగు మిక్కిలి చిక్కనైనను, పిచికారిని దూరముగా పట్టినను, బిందువులు చదునగుటకు ముందే గట్టిపడును. రంగు మిక్కిలి పలుచనైనను, ఒకేసారి మిక్కుటముగా వేసినను, భారమువలన క్రిందికి జారి చారలు కట్టును.

మూడవది చేపకన్ను వంటి గుండ్రని ఖాళీ. వ్రేలిజిడ్డు, నూనె ఇందుకు మూలము. తలతన్యత తక్కువగానున్న చోటినుండి ఎక్కువగానున్న చోటికి ద్రవము లాగబడును. ఇట్టి ప్రవాహమును 1865లో వివరించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు కార్లో మారంగోని పేరనే దానిని పిలుతురు. జిడ్డుచోట తలతన్యత తగ్గుటచే రంగు ప్రక్కలకు తొలగిపోవును. రంగు వేయుటకు ముందు నమూనాను సబ్బునీట కడిగి, ఆరిన పిదప వ్రేళ్లతో తాకకుండుటయే దీనికి నివారణ.

నాలుగవది ముడుతలు. నూనె కలిసిన ఎనామెలు గాలిలోని ఆక్సిజనుతో కలిసి గట్టిపడును. మందముగా వేసినచో పైపొర ముందుగా చర్మమువలె గట్టిపడి, ఉబ్బి, ఇంకను మెత్తగానున్న అడుగుపొరపై ముడుచుకొనును. పూర్తిగా ఆరని ఎనామెలుపై లాకరు వేసినను ఇట్లే జరుగును. లాకరులోని తీవ్రమైన ద్రావణి అడుగు పూతను ఉబ్బించును.

తెల్లపొర తప్ప మిగిలిన వానికి చికిత్స ఒక్కటే: పూత పూర్తిగా ఆరువరకు ఆగి, సన్నని ఉప్పుకాగితముతో నునుపుచేసి, దుమ్ము తుడిచి, పలుచని పూతలు వేయవలెను.

ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రయోగముగా చూపవచ్చును. పాత ప్లాస్టిక్ మూతలో సగమును సబ్బుతో కడిగి, మిగిలిన సగముపై నూనె వ్రేలితో రుద్ది, రెంటిపై ఒకే రంగు వేయవలెను. తేడాను విద్యార్థులే చూచి కారణము చెప్పుదురు. ప్రదర్శనకు ముందు ఇట్టి మూతపై రంగును పరీక్షించిన విద్యార్థి, నెలదినముల శ్రమను ఒక రాత్రిలో పోగొట్టుకొనడు.