కట్ట కింది ఇళ్లకు నిబంధన ఏది?

పాతబస్తీ వరదలు: భవన నిర్మాణ నియమాల్లో దూరం లెక్క ఉంది, ఎత్తు లెక్క లేదు

హైదరాబాద్‌లో నీటి పక్కన ఇల్లు కట్టదలచినవారు ముందుగా తిరగేయవలసిన కాగితం 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ జారీ చేసిన 168వ నంబరు ఉత్తర్వు. రాష్ట్ర విభజన తర్వాత కూడా సవరణలతో తెలంగాణలో కొనసాగిన ఈ భవన నిర్మాణ నియమాల్లో మూడోది నదులు, చెరువులు, నాలాల చుట్టుపక్కల ఏది కట్టవచ్చో, ఏది కట్టరాదో చెబుతుంది. నది, నాలా గర్భంలోను, చెరువు పూర్తి నీటిమట్టం లోపల, శిఖం భూముల్లోను ఎటువంటి నిర్మాణమూ కూడదన్నది అందులోని మొదటి మాట. పూర్తి నీటిమట్టమంటే చెరువు నిండి అలుగు పారడానికి సిద్ధమైనప్పుడు నీరు ఎంతవరకు పరచుకుంటుందో ఆ గీత. అధికారుల నుంచి బస్తీవాసుల దాకా దానిని అందరూ ఎఫ్‌టీఎల్ అనే పిలుస్తారు. శిఖం అంటే చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తీసినప్పుడు తేలి సాగుకు పనికివచ్చే చెరువు లోపలి నేల.

ఆ గీత దాటాక మొదలయ్యేది బఫర్ జోన్, అంటే పచ్చదనానికీ విహారానికీ తప్ప మరి దేనికీ వాడరాని పట్టీ. పురపాలక పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు, పరిధి వెలుపల 100 మీటర్లు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు. అంతకంటె చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు, నాలాకు 9 మీటర్లు. 10 మీటర్ల లోపు వాటికి 2 మీటర్లు. పాతబస్తీలో నాలా అన్నది ఎక్కువచోట్ల ఈ చివరి కోవలోకే వస్తుంది కనుక, అక్కడి ఇంటికీ పొంగే నీటికీ మధ్య చట్టం కోరే ఎడం ఒక స్కూటరును నిలువునా పెడితే నిండిపోయేంత మాత్రమే. ఆ కాస్త ఎడమైనా ఏ గల్లీలో మిగిలి ఉందో వెదికి చూడవలసిందే.

ఇదే నియమంలో ఇంకో వాక్యం ఉంది, నిబంధనలు రాసేవారి మనస్సు ఎటు పోతుందో తెలుసుకోవడానికి దానిని ఒకటికి రెండుసార్లు చదవాలి. నిర్మాణం జరపరాని ఈ పట్టీని ఇంటి చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్ కింద లెక్కించరాదు గాని, పిల్లల ఆటస్థలం కిందనో ఖాళీ జాగా కిందనో లెక్కించుకోవచ్చునట. అంటే చెరువు పొంగితే ముందుగా తడిసే నేలను, లేఅవుట్‌లో ఎలాగూ వదలక తప్పని ఆటస్థలంగా చూపించి, ఆ మేరకు పైనున్న పొడి నేలను ప్లాట్లుగా మలచుకునే వీలును చట్టమే కల్పించింది. భూమి విలువ గజాల్లో కొలిచే నగరంలో ఈ వెసులుబాటును ఎవరూ వదులుకోరు. రాసినవారికీ ఆ సంగతి తెలియదనుకోవడం కష్టం.

అయితే ఈ నియమంలోని అసలు లోటు అది కాదు. నీటి నుంచి ఇల్లు ఎంత దూరంలో ఉండాలన్నదే అది చెబుతుంది. నీటి కంటె ఎంత ఎత్తులో ఉండాలన్న ప్రశ్న దానికి తట్టలేదు. ఈ లోటు ఎంత ఖరీదైనదో 2020 అక్టోబరులో పాతబస్తీ దక్షిణ అంచున ఉన్న కాలనీలు చూపించాయి.

ఆ నెల 13, 14 తేదీల మధ్య 24 గంటల్లో బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు, నగర శివారులోని ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వర్షం కురిసింది. పల్లెచెరువు నీరు కట్ట దాటి ఫలక్‌నుమా సమీపంలోని అల్ జుబైల్ కాలనీ మీద పడింది. నాలుగు రోజులు తిరక్కముందే, 17వ తేదీ రాత్రి మళ్లీ కురిసిన వానకు బాలాపూర్ వైపున్న గుర్రంచెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్‌ను ముంచింది. ఈ రెండు కాలనీలూ చెరువు కట్టకు కింది వైపున ఉన్నవే. చెరువు లోపలి వైపు మునక ఒక రకం, కట్ట కింది మునక ఇంకో రకం. లోపలి వైపున శిఖంలోనో ఎఫ్‌టీఎల్ గీత పక్కనో ఉన్న ఇంట్లోకి నీరు నెమ్మదిగా ఎక్కి, చెరువు తగ్గేదాకా కదలదు. జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్ నగర్ ఆ ఏడాది నెలల తరబడి నీళ్లలోనే నానింది. కట్ట కింద మాత్రం నీరు ఒక్కసారిగా, వేగంతో, బురదతో, కొట్టుకొచ్చిన వాహనాలతో కలిసి వచ్చి, గంటల్లో చేయవలసిన నష్టమంతా చేసి దిగువకు పోతుంది. మూడో నియమం, దాని ఎఫ్‌టీఎల్ గీత, దాని బఫర్ పట్టీ మొదటి రకం మునకను ఊహించి గీసినవి. కట్టకు దిగువన 31వ మీటరు దగ్గర, నాలాకు ఎడంగా ఉన్న ఇల్లు ఆ నియమం దృష్టిలో నిర్దోషి. ఒకప్పుడు ఆ నేల చెరువు ఆయకట్టు, అంటే తూము ద్వారా వదిలిన నీటితో పండిన పొలం. నీరు అటే పారాలన్న ఉద్దేశంతోనే ఆ వాలు ఎంపికయింది. పొలం కాలనీ అయినా వాలు మారలేదు.

విపత్తు స్పందన, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ పేరిట 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా సంస్థ కూల్చివేతలు కూడా ఈ గీతనే అనుసరించాయి. ఆక్రమణ తొలగింపు అవసరం లేదని కాదు. శివరాంపల్లి దగ్గరి బుమ్ రుక్నుద్దౌలా చెరువును మళ్లీ చెరువుగా నిలబెట్టడం మెచ్చుకోదగినదే. కాని గీత లోపలి ఇంటిని తీసేసినంత మాత్రాన కట్ట కింది ఇల్లు ఒక్క అంగుళం కూడా పైకి లేవదు.

చరిత్ర కూడా చెబుతున్నది ఇదే. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తి, సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం సుమారు 15,000 మందిని బలిగొన్నప్పుడు, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగాయని, వరద గరిష్ఠంగా సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల మేర పారిందని ఆయన లెక్క కట్టారు. ఆయన సూచన మేరకు 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ సిద్ధమయ్యాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందివన్నీ వరుసగా తెగుతాయన్న పాఠం అప్పుడే నమోదైంది.

ఎత్తు సంగతికి వస్తే, దేశంలో కాగితం మీద నియమాలకు కరవు లేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి పునాది పైమట్టం, అంటే ప్లింత్, చుట్టుపక్కల నేల కంటె కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి. ఏ నేల? ఇల్లు కట్టిన రోజున ఉన్న నేల. పాతబస్తీ గల్లీల్లో పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సిమెంటు రోడ్డు పోస్తూ పోవడం వల్ల, ఒకనాడు మూడు మెట్లెక్కి లోపలికి పోయిన ఇళ్లలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగవలసి వస్తోంది. అటువంటి గుమ్మాల్లో గడప మీద అడుగున్నర ఎత్తున ఇటుకల అడ్డుగోడ, దాని పైనుంచి దాటడానికి లోపలా బయటా చెరొక రాయి, మంచం కాళ్ల కింద ఇటుకలు, బల్లమీదికెక్కిన ఫ్రిజ్ కనిపిస్తాయి. అరుగు పక్కన నేలతో సమంగా మూత ఉన్న సంపు, అంటే మంచినీటి భూగర్భ తొట్టి, వీధిలో మోకాలి లోతు నీరు చేరగానే మురుగుతో నిండిపోతుంది. వరద తీసిన తర్వాత ఇంటిల్లిపాదికీ మొదటి ఖర్చు ఆ సంపు తోడించడమే. చేతిలో డబ్బున్నవారు జాకీలు పెట్టి ఇంటినే పైకి లేపించుకుంటున్నారు. 45 సెంటీమీటర్ల నియమానికి ఇంతకంటె స్పష్టమైన విమర్శ అక్కరలేదు.

వీటన్నింటిలో ప్రాణమున్న కాగితం జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2008లో వరదల నిర్వహణపై వెలువరించిన మార్గదర్శకాల్లోని కొన్ని వాక్యాలు. వరద ముప్పున్న చోట ప్లింత్ నేల నుంచి కాక ముంపు మట్టం నుంచి కొలిచి, దానికి 0.6 మీటర్లు పైన ఉండాలి. ఇళ్లు వీలైనంతవరకు రెండంతస్తులవో అంతకు మించినవో కావాలి. ఒంటి అంతస్తు ఇంటి పైకప్పు, రెండంతస్తుల ఇంటి మొదటి అంతస్తు మట్టం వందేళ్ల వరదకు పైన ఉండాలి. ఒంటి అంతస్తు ఇల్లయితే పైకప్పు మీదికి మెట్లు తప్పనిసరి, ఎందుకంటే నీరు వచ్చినప్పుడు మనుషులు తలదాచుకునేది అక్కడే.

ఇక్కడ వందేళ్ల వరద అంటే నూరేళ్లకొకసారి మాత్రమే వచ్చేదని అర్థం కాదు. ఏ ఏడాదిలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒక వంతు ఉన్నదని. 30 ఏళ్ల గృహరుణం తీర్చే కాలంలో దానిని కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి 26 వంతులు. అమెరికా 1968లో మొదలుపెట్టిన జాతీయ వరద బీమా పథకం ఈ మట్టాన్నే ఆధారం చేసుకుని, ఇంటి కింది అంతస్తు దానికి దిగువన ఉండకూడదని షరతు విధించింది; అక్కడి పటంలో వీధి వీధికీ ఆ మట్టం అంకెల్లో రాసి ఉంటుంది.

మెట్ల వాక్యం దగ్గరే ఆగవలసి వస్తుంది. వరదను ఆపలేనని ఒప్పుకుని, వచ్చినప్పుడు ముసలివారు, పిల్లలు ఎటు పోతారన్న ప్రశ్న అడిగిన నిబంధన అది. కాని మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ పరిసరాల్లోను, చెరువుల అంచున ఉన్న బస్తీల్లోను పైకప్పు అంటే చాలా ఇళ్లకు సిమెంటు రేకు. రేకు మీదికి మెట్లు కట్టించమని ఏ అధికారి అడగగలడు? వరద మట్టం వీధుల వారీగా గుర్తించి ప్రకటించనిదే 0.6 మీటర్లను దేని మీద కలపాలో ఏ మేస్త్రీకీ తెలియదు. మంచి నిబంధనకు కావలసిన రెండు ఆధారాలు, గట్టి పైకప్పు, నమ్మదగిన ముంపు మట్టం, నిబంధన అవసరం ఎక్కువగా ఉన్నచోటనే లేవు. ఖర్చుకు తట్టుకోలేని ఇంటికి ప్రభుత్వమే ఒక గట్టి స్లాబు గదిని, దాని మీదికి మెట్లను సమకూర్చడం ఆ మార్గదర్శకాన్ని అమలు చేసే చవకైన దారి కావచ్చు. పరిహారం కింద 2020లో కుటుంబానికి 10,000 రూపాయలు పంచిన ప్రభుత్వానికి ఆ లెక్క మరీ అందనిదేమీ కాదు.

ప్రభుత్వ భవనాల మాట వేరే చెప్పాలి. కేంద్ర జలసంఘం 1975లో రాష్ట్రాలకు పంపిన వరద మైదానాల నమూనా బిల్లు భవనాలను ప్రాధాన్యం ప్రకారం విభజించింది. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాల వంటివి మొదటి వరుసలో చేరి వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. కార్యాలయాలు, గ్రంథాలయాలు, నివాసాలు రెండో వరుసలో 25 ఏళ్ల వరదకు పైన, ముప్పున్న చోట స్తంభాల మీద నిలవాలి. ఉద్యానాలు, ఆటస్థలాలు మునిగినా ఫరవాలేదు. మణిపూర్, రాజస్థాన్ వంటి కొద్ది రాష్ట్రాలే దానిని చట్టంగా మార్చాయి. వాటిలో తెలుగు రాష్ట్రాలు లేవు. ఆ వరుసను పట్టుకుని మూసీ ఒడ్డున నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఒకదాని తర్వాత ఒకటి నది ముఖంగా ఎదురవుతాయి. ఆనకట్టలు నదిని అదుపులో పెడతాయన్న ధీమాతో కట్టిన వైభవమది. 2020 జులైలో, అక్టోబరు వరదకు మూడు నెలల ముందు, ఒక మోస్తరు వానకే ఉస్మానియా పాత భవనం కింది అంతస్తు వార్డుల్లోకి మురుగునీరు చేరి, రోగులు మంచాల మీద ఉండగానే నేలంతా చెరువైంది. కొద్ది రోజుల్లో ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. ఆ నీరు నది పొంగి వచ్చినది కాదు, బయటికి పోలేక నాలాల నుంచి వెనక్కి తన్నినది. 50 మీటర్ల బఫర్ దానిని ఆపలేదు, ఎత్తు ఆపి ఉండేది.

ఒక్క రూపాయి నమోదు

2020 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించి, నవంబరులో అమలులోకి వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి అనుమతి అక్కరలేదు. రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలు. స్థలం గురించి యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణే ఆధారం, అది అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చవచ్చు. చిన్న జాగాల పాతబస్తీకి ఇది నిజమైన మేలు. చిక్కేమిటంటే ఎఫ్‌టీఎల్ గీతను నిర్ణయించవలసినవి నీటిపారుదల, రెవెన్యూ శాఖలు, ఆ గీత దాటలేదని మాట ఇవ్వవలసినవాడు 75 గజాల ఆసామి.

ఎగువన 84 గ్రామాలు

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలను కట్టడి చేసిన 111వ నంబరు ఉత్తర్వు 1996 మార్చి 8 నాటిది. తాగునీటిని కాపాడడం దాని ఉద్దేశం. వాన నీటిని ఇంకించుకునే నేలను మిగిల్చడం దాని వల్ల కలిగిన లాభం. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. ఎగువన నేల కప్పుకుపోతే దిగువన ముంపు మట్టం ఎంత పెరుగుతుందన్నది పాతబస్తీ అడగవలసిన ప్రశ్న.

గోడ మీద ఎరుపు, బస్టాండులో నీరు

2024 సెప్టెంబరు చివర మూసీ నదీతీర అభివృద్ధి పథకం కింద చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద రెవెన్యూ సిబ్బంది ‘ఆర్‌బీ-ఎక్స్’ అని ఎర్ర రంగుతో రాశారు. నదీగర్భంలోని ఇల్లు అని దాని భావం. కదలడానికి ఒప్పుకున్నవారికి రెండు పడక గదుల ఇళ్లు కేటాయించారు. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరు 26 రాత్రి, జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి, నది మధ్యలోనే ఉన్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. ప్రయాణికులను సహాయ సిబ్బంది బయటికి తేగా, బస్సులను నగరంలోని ఇతర చోట్ల నుంచి నడిపారు. ప్రభుత్వమే ఇమ్లీబన్‌లో కట్టిన ఆ బస్టాండు గోడల మీద మాత్రం ‘ఆర్‌బీ-ఎక్స్’ అని ఎవరూ రాయలేదు.