క్రీడాక్షేత్రములో ఒక ఉపాధ్యాయుడు

కాళిదాసు మాళవికాగ్నిమిత్రములో ఇద్దరు నాట్యాచార్యులకు స్పర్ధ వస్తుంది. వారిలో అధికుడెవరో తేల్చవలసి వచ్చినప్పుడు, ఆచార్యులనే ఆడి చూపమని ఎవరూ అడుగరు. మీ శిష్యురాండ్రను రంగము మీదికి పంపండి, వారి ప్రయోగమును బట్టి నిర్ణయిస్తామంటారు. విద్య తనకు ఉండడము వేరు, దానిని ఇంకొకరిలో నాటగలగడము వేరు. బోధన వృత్తిగా బ్రతికిన వారెవరికైనా ఆ ఘట్టము చదివినప్పుడు మనస్సు ఒక్కసారి తన వైపు తిరుగక మానదు.

ఆ గీటురాయి మీద పెట్టి చూడదగిన జీవితమొకటి మన కాలములోనే ఉన్నది. అయితే అది నాట్యరంగములోనిది కాదు, ఫుట్‌బాల్ మైదానములోనిది. అమెరికాలో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయపు మహిళల జట్టుకు నలుబదియైదేండ్లు కోచ్‌గా ఉండిన ఆన్సన్ డోరెన్స్ గారి జీవితమది.

ఆయన 1951లో మన బొంబాయి నగరములోనే జన్మించినారు. తండ్రి చమురు వ్యాపారములో ఉద్యోగి. ఆ ఉద్యోగము వెంట కుటుంబము ఆసియా, ఆఫ్రికా, యూరపు ఖండములు తిరిగినది. ఆయన ఉన్నత పాఠశాల చదువు స్విట్జర్లాండులో ముగిసినది. అమెరికా పౌరుడై ఉండి కూడ ఆ దేశములో పెరగలేదు. అమెరికాలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటలకే ఆదరము. తక్కిన లోకమంతా ఆడే ఫుట్‌బాల్‌ను అక్కడివారు సాకర్ అని పిలిచి ఒక మూలకు నెట్టి ఉంచిన రోజులవి. ఆయన చాపెల్ హిల్ పట్టణములోని విశ్వవిద్యాలయములో ఆ ఆటే ఆడుతూ ఆంగ్లసాహిత్యము, తత్త్వశాస్త్రము చదివి 1974లో పట్టభద్రులైనారు. తరువాత న్యాయవాది కావలెనని న్యాయకళాశాలలో చేరినారు. 1977లో తాను ఆడిన పురుషుల జట్టుకే శిక్షకులైనారు.

1979లో విశ్వవిద్యాలయములో ఆడుకొంటున్న బాలికలు, తమ సరదా సంఘమును అధికారికమైన జట్టుగా గుర్తించవలెనని కోరినారు. వారి ఆట చూసి అభిప్రాయము చెప్పుమని క్రీడాధికారి డోరెన్స్‌ను పంపినాడు. జట్టు కట్టవచ్చునని ఆయన చెప్పినారు. అయితే ఆ బాధ్యత కూడ మీరే వహించండి అన్నారు. న్యాయశాస్త్రము అంతటితో ఆగిపోయినది. 1988 దాకా పురుషుల జట్టును, మహిళల జట్టును కూడ ఆయనే నడిపినారు.

ఆ బాలికల కోరికకు వెనుక ఒక చట్టము ఉన్నది. ప్రభుత్వ ధనము పొందే విద్యాసంస్థలలో స్త్రీ పురుష భేదము పాటించరాదని అమెరికా 1972లో శాసనము చేసినది. అంతకు ముందు ఆ దేశపు ఉన్నత పాఠశాలలన్నింటిలో కలిసి క్రీడలలో పాల్గొన్న బాలికలు మూడు లక్షలకు లోపే. ఇప్పుడు ముప్పది లక్షలకు పైబడినారు. ఇన్నాళ్ళూ బాలికలకు లేనిది శక్తి కాదు, మైదానమన్నమాట. తలుపు తెరచినది చట్టము. తెరచిన తలుపులోనుండి వచ్చిన వారికి ఏమి నేర్పవలెనన్నది గురువుల వంతైనది.

డోరెన్స్ నేర్పిన దాని ఫలితము అంకెలలో చెప్పుకొంటే అతిశయోక్తి అనిపిస్తుంది. 1981లో మొట్టమొదటి జాతీయ కళాశాలా ఛాంపియన్‌షిప్ ఆయన జట్టుకే దక్కినది. మరుసటి ఏడు జాతీయ కళాశాలా క్రీడాసంఘము ఆ పోటీలను చేపట్టినది. అప్పటినుండి 2012 దాకా జరిగిన ముప్పదియొక్క పోటీలలో ఇరువదియొక్క సారులు ఆ జట్టే గెలిచినది. 1986 మొదలు 1994 వరకు వరుసగా తొమ్మిదేండ్లు మరెవరికీ ఆ కప్పు చిక్కలేదు.

ఇంతటి విజయమునకు మూలమైన పద్ధతి చాల సరళమైనది, కఠినమైనది. ఆ విశ్వవిద్యాలయములోనే డీన్ స్మిత్ అనే ప్రసిద్ధ బాస్కెట్‌బాల్ కోచ్ ఉండేవారు. సాధన సమయములో ప్రతి ఆటగాని ప్రతి చర్యనూ ఆయన లెక్క కట్టించడము డోరెన్స్ గమనించినారు. తన మైదానములో కూడ అదే ప్రవేశపెట్టినారు. పరుగు, గోలుపై గురి, తలతో బంతిని కొట్టడము, ఒకరితో ఒకరు తలపడి బంతి లాగుకొనడము, ఇలా ప్రతిదానికీ మార్కులు. ఆ మార్కులను బట్టి వరుసక్రమము. ఆ వరుస అందరూ చూసేటట్లు పలక మీద. దీనికి ఆయన పెట్టిన పేరు ‘పోటీ కొప్పెర’. స్నేహితురాలిని ఓడించడము స్నేహద్రోహము కాదని, పూర్తి శక్తితో ఎదిరించడమే ఆమెకు చేసే ఉపకారమని ఆ కొప్పెర నేర్పినది. నలుగురిలో గెలవాలన్న కోరికను దాచుకొనుమని తరతరాలుగా బోధింపబడిన బాలికలకు ఈ పాఠము చిన్నది కాదు.

పురుషులకు, స్త్రీలకు ఏకకాలములో నేర్పినందువల్ల ఆయన గమనించిన తేడాలు కొన్ని ఉన్నవి. మీలో కొందరు సరిగా ఆడుట లేదని మందలిస్తే, పురుషులలో ప్రతివాడు అది పక్కవానిని గురించే అనుకొంటాడట. స్త్రీలలో ప్రతి ఒక్కతె తనను గురించే అనుకొంటుందట. అందువల్ల కేకలతో పని లేదు, నమ్మకము కలిగించవలెనని ఆయన తెలుసుకొన్నారు. ఈ విభజన అందరికీ వర్తిస్తుందని చెప్పలేము గాని, ఎదుటివారి మనస్సెరిగి మాట్లాడవలెనన్న మూలసూత్రము ఏ తరగతి గదికైనా వర్తిస్తుంది.

సాహిత్యము చదివిన గుణము కూడ ఆయనను విడువలేదు. జట్టు పాటించవలసిన నియమములకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క రచయిత వాక్యమును జతచేసి, వాటిని క్రీడాకారిణులచేత కంఠస్థము చేయించేవారు. సణగరాదన్న నియమమునకు తోడు వచ్చినవాడు బెర్నార్డ్ షా! చదువు ముగించి వెళ్ళబోయే ప్రతి క్రీడాకారిణికీ ఒక లేఖ వ్రాసి, ఆఖరి పోటీకి ముందు జట్టంతటి ఎదుట చదివేవారు. అందులో ఆమె చేసిన గోళ్ళ లెక్క ఉండదు, ఆమె మనిషితనము ఉంటుంది.

ఇక శిష్యురాండ్రను చూద్దాము. 1986లో ఆయన అమెరికా జాతీయ మహిళా జట్టుకు కూడ కోచ్ అయినారు. మరుసటి ఏడు పదునైదేండ్ల మియా హామ్‌ను ఆ జట్టులో ఆడించినారు; ఆమె తరువాత చాపెల్ హిల్‌లో చదివి, లోకమెరిగిన క్రీడాకారిణి అయినది. 1991లో చైనాలో మహిళలకు మొట్టమొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. ఆఖరి ఆటలో నార్వేను 2-1తో ఓడించి అమెరికా విజేత అయినది. ఆ జట్టు నాయకురాలు ఏప్రిల్ హైన్రిక్స్ ఆయన శిష్యురాలే. ఆమె కాలక్రమమున జాతీయ జట్టుకు కోచ్ అయి 2004లో ఒలింపిక్ స్వర్ణము తెచ్చినది. మరొక శిష్యురాలు సిండీ పార్లో కోన్ 2020లో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షురాలైనది. ఆ పీఠమెక్కిన తొలి మహిళ ఆమె.

అయితే ఈ కథలో మరొక అధ్యాయమున్నది. దానిని దాటవేస్తే ఇది స్తోత్రమవుతుంది, జీవితచరిత్ర కాదు. 1998లో ఇద్దరు మాజీ క్రీడాకారిణులు ఆయనపైన, విశ్వవిద్యాలయముపైన వ్యాజ్యము వేసినారు. తమ ఆంతరంగిక జీవితమును గురించి ఆయన అనరాని మాటలు అన్నారని, అడుగరాని ప్రశ్నలు అడిగినారని వారి అభియోగము. ఆయన ఖండించినారు. ఒక వ్యాజ్యము 2004లో రాజీ అయినది. అటువంటి సంభాషణలలో తాను పాల్గొనడము తగనిపని అని ఆయన క్షమాపణలేఖలో ఒప్పుకొన్నారు. రెండవదానిని కింది న్యాయస్థానము కొట్టివేయగా, 2007లో పై న్యాయస్థానము దానిని విచారింపవలసినదేనని నిర్ణయించినది. 2008లో 3,85,000 డాలర్లకు అదియు రాజీ అయినది. ఆయన పదవిలో కొనసాగినారు.

ఏండ్ల తరబడి ఎన్ని కప్పులు గెలిచినా ఈ ప్రశ్న చెరిగిపోదు. జట్టులో చోటు, వేతనము, భవిష్యత్తు ఎవరి చేతిలో ఉన్నవో ఆయన ఎదుట పంతొమ్మిదేండ్ల బాలిక నోరు విప్పి ‘ఈ మాట వద్దు’ అనగలదా? నలుగురితోపాటు నవ్వితే నవ్వవచ్చును. ఆ నవ్వు అంగీకారము కాదు. ఎదుటివారి మనస్సెరుగుట గురువుకు గొప్ప శక్తి. ఎక్కడ ఆగవలెనో ఎరుగుట అంతకు మించిన శక్తి. మైదానములో ప్రతి పరుగునూ లెక్కించిన పలక మీద గురువు మాటలకు మాత్రము మార్కులు లేవు. వాటిని వేయడానికి ఇద్దరు శిష్యురాండ్రు న్యాయస్థానము దాకా నడువవలసి వచ్చినది.

2012 తరువాత ఆయనకు మళ్ళీ కప్పు అందలేదు. తాను పోసిన విత్తనములే దేశమంతటా మొలచి, ప్రతి విశ్వవిద్యాలయములోను గట్టి జట్లు తయారైనవి. 2018లో, 2019లో, 2022లో ఆఖరి ఆట దాకా వచ్చి ఓడినారు. మూడవసారి రెండు గోళ్ళు ముందుండి కూడ 3-2తో చేజారినది. 2024 ఆగస్టులో, తొమ్మిది వందలకు పైగా విజయాలతో ఆయన విరమించినారు. చాపెల్ హిల్ మైదానమునకు ఇప్పుడు ఆయన పేరే ఉన్నది.

అదే ఏడు డిసెంబరులో, ఆయన సహాయకుడు డేమన్ నాహస్ నడిపిన ఆ జట్టు పన్నెండేండ్ల తరువాత తిరిగి జాతీయ విజేత అయినది. గురువు పక్కన లేడు, ఆట ఆగలేదు. నాట్యాచార్యుల తగవులో వలె ఇక్కడ కూడ తీర్పు చెప్పవలసినవారు శిష్యురాండ్రే. వారిలో కప్పు ఎత్తినవారి మాట ఎంత విలువైనదో, క్షమాపణ అడిగి తీసుకొన్నవారి మాటా అంతే విలువైనది. రెండు మాటలూ విన్నవారికే ఈ ఉపాధ్యాయుని జీవితము పూర్తిగా తెలిసినట్లు.