సీట్ల వాటాకు ముందు నిబంధన

అమెరికాలో పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చేది మహాసభ ప్రతినిధులు. ఓట్లను ప్రతినిధులుగా మార్చే నిబంధనే అక్కడ అసలు అధికారం. 1984లో డెమోక్రటిక్ పార్టీలో పోటీచేసిన నల్లజాతి నేత జెస్సీ జాక్సన్‌కు సుమారు 18 శాతం ఓట్లు పడినా, ప్రతినిధులలో ఆ మేరకు వాటా దక్కలేదు. ఆయన నిబంధనలపైనే పోరాడారు. 1988 పోటీ తర్వాత, 15 శాతం ఓట్లు దాటినవారికి దామాషాలో ప్రతినిధులనిచ్చే పద్ధతి అన్ని రాష్ట్రాలకూ వర్తించింది.

ఆ ఫలం 2008లో ఒబామాకు అందింది. పెద్ద రాష్ట్రం న్యూజెర్సీని గెలిచినా హిల్లరీకి దక్కిన ఆధిక్యం 11 మంది ప్రతినిధులే. చిన్న రాష్ట్రం ఐడహోలో ఒబామా 12 మంది ఆధిక్యం సాధించారు.

మన పార్టీలలో టిక్కెట్లను చాలావరకు అధిష్ఠానాలే ఖరారు చేస్తాయి. బహుజనులకు ఎన్ని సీట్లని మనం అడుగుతున్నాం. ఎవరు, ఏ నిబంధన ప్రకారం ఎంపిక చేస్తారన్నది అంతకు ముందే అడగవలసిన ప్రశ్న అని నేను భావిస్తున్నాను.