వార్తల్లో పదం: ద్రవ-నిర్మాణ పరస్పర చర్య

వరదొస్తే నందికొండ దగ్గర నాగార్జునసాగర్ గేట్లెత్తుతారు. మొత్తం 26 రేడియల్ గేట్లు. కొద్దిగా ఎత్తిన గేటు కింద దూసుకుపోయే నీరు దాన్ని వణికించవచ్చు. గేటు కదిలితే ప్రవాహం మారుతుంది, మారిన ప్రవాహం మళ్లీ గేటును కదుపుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ద్రవ-నిర్మాణ పరస్పర చర్య.

ఇలాంటి చర్యను లెక్కగట్టడానికి, భూకంపంలో ఆనకట్టతో పాటు కొంత నీరూ ఊగుతుందనుకుని, ఆ బరువును కట్టకే కలిపే సూత్రం ఇంజనీరు వెస్టర్‌గార్డ్ 1933లో ఇచ్చాడు. చేతి లెక్కకు భేషైన ఉపాయం. వణికే గేటుకు చాలదు.

అక్కడ ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ నీటిని లెక్కిస్తుంది, కాల్క్యులిక్స్ అనేది గేటు ఉక్కును. కాలాన్ని చిన్న అంచెలుగా విడగొట్టి, ఒత్తిడినీ కదలికనూ ప్రిసైస్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాటి మధ్య చేరవేస్తుంది. మూడూ ఉచితమే. చిక్కల్లా నీటి బరువుతోనే: రెండు లెక్కలూ పొసిగేదాకా ఒకే అంచెను పదేపదే తిప్పాలి, లేదంటే అంకెలు అదుపు తప్పుతాయి.