రెండేళ్ల దీక్షలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు

ఓడలరేవు: వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఈ ఊరిలో కొడుకును దూరం పంపడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. వేటకు పోయిన పడవ ఒడ్డు చేరేదాకా కంటి మీద కునుకు లేని ఇల్లు ఒకటి. గల్ఫు దేశం వెళ్లినవారి ఫోను కోసం చూసే ఇల్లు మరొకటి. ఎవరు వెళ్లినా నాలుగు రూకలు సంపాదించి ఇంటికి పంపడానికే వెళతారు.

సంపాదనకు కాదు, పట్టా కోసం కాదు, ఎదురు ఖర్చు పెట్టుకుని రెండేళ్ల పాటు ఇల్లు విడిచి వెళ్లే కుర్రవాళ్లు కూడా వున్నారు. తెల్ల చొక్కా, ముదురు రంగు ప్యాంటు, మెడకు టై, జేబు మీద నల్లని పేరు బిళ్ల పెట్టుకుని ఇద్దరిద్దరుగా నడిచిపోయే వీరిని రాజమండ్రి, విశాఖపట్నం వెళ్లినప్పుడు మనవారు కొందరు చూసే వుంటారు. వీరు మోర్మన్ సంఘానికి చెందిన ప్రచారకులు. మీసం కూడా సరిగా రాని ఈ పిల్లలు ఏం నేర్చుకుంటారు, వారి రోజు ఎలా గడుస్తుంది, వారి వెనుక ఇంట్లో ఏం జరుగుతుంది అన్నది తెలుసుకోదగిన విషయం.

ఎవరీ మోర్మన్లు?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు 1830 ఏప్రిల్ 6న ఈ సంఘాన్ని స్థాపించాడు. 1844లో ఒక మూక అతన్ని కాల్చి చంపింది. తర్వాత బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో అనుచరులు బళ్లు కట్టుకుని వందల మైళ్లు పడమరకు సాగి, 1847లో యూటా ప్రాంతం చేరి సాల్ట్ లేక్ సిటీ కట్టుకున్నారు. నేటికీ సంఘం కేంద్రం అదే. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా వీరు పవిత్ర గ్రంథంగా భావిస్తారు. ఈ కారణంగానే ఇతర క్రైస్తవ సంఘాలలో చాలామంది వీరిని తమలో కలుపుకోరు. ఒకప్పుడు వీరిలో వున్న బహుభార్యాత్వాన్ని 1890లో సంఘమే మాన్పించింది. మోర్మన్లు అనే వాడుక పేరు బదులు యేసు క్రీస్తు పేరు గల తమ పూర్తి పేరుతోనే పిలవాలని 2018 నుంచి సంఘ పెద్దలు కోరుతున్నారు.

సారా, పొగాకు ముట్టరాదన్న నియమం మనకు కొత్త కాదు. వీరికి కాఫీ, టీ కూడా నిషిద్ధమే. పొద్దున్నే గ్లాసెడు కాఫీ పడనిదే కాలు కదపని మన కోనసీమ పెద్దలకు ఈ ఒక్క నియమం చాలు, మిగతావి వినకుండానే దండం పెట్టేస్తారు!

తెలుగు నేలకు వచ్చిన తీరు

1850 ప్రాంతాలలోనే ఈ సంఘం ప్రచారకులు కలకత్తా వచ్చి, కొద్ది ఏళ్లకే వెనుదిరిగారు. తెలుగువారి మధ్యకు ఈ సంఘం తెల్లవారి ద్వారా కాక తెలుగువారి ద్వారానే రావడం విశేషం. హైదరాబాదుకు చెందిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ ఉద్యోగ రీత్యా పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులలో వుండగా ఈ సంఘంలో చేరారు. 1978 చివర వారు హైదరాబాదు వచ్చి తమ బంధువులలోనే ఇరవై మందికి పైగా బాప్తిస్మం ఇప్పించారు. మోర్మన్ గ్రంథం తెలుగు అనువాదానికి పూనుకున్నదీ ధర్మరాజు గారే. 1993లో బెంగుళూరు కేంద్రంగా దేశంలో ప్రచార విభాగం ఏర్పడింది. 2012 మే 27న దేశంలోకెల్లా మొదటి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాల సముదాయం, హైదరాబాదులోనే ఏర్పాటయింది.

ఆరున్నరకు లేవాలి

మగపిల్లలు 18 ఏళ్లు నిండితే బయలుదేరవచ్చు. 2012కు ముందు ఈ వయసు 19గా వుండేది. మగపిల్లలకు 24 నెలలు, ఆడపిల్లలకు 18 నెలలు గడువు. ఎక్కడికి వెళ్లాలో కోరుకునే వీలు లేదు. పై నుంచి ఉత్తరువు వస్తుంది, ఆ ఊరికి వెళ్లవలసిందే. ప్రపంచం మొత్తం మీద ఇలా తిరుగుతున్నవారు 70 వేలకు పైబడి వున్నారు.

ముందుగా శిక్షణ. అన్నిటిలోకి పెద్ద శిక్షణ కేంద్రం యూటాలోని ప్రోవో పట్టణంలో వుంది. ఆసియాలో ఫిలిప్పీన్స్ దేశపు మనీలా వద్ద మరొకటి వుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు శిక్షణను ఇళ్లకే, కంప్యూటర్ తెర మీదకే మార్చారు. ఆ తర్వాత కూడా మొదటి పాఠాలు ఇంట్లో చెప్పుకుని, ఆపైన కేంద్రానికి వెళ్లే పద్ధతి నిలిచింది. వచ్చిన భాషలోనే పనిచేసేవారికి శిక్షణ రెండు మూడు వారాలు. కొత్త భాష నేర్వవలసిన వారికి ఆరు నుంచి తొమ్మిది వారాలు.

ఉదయం ఆరున్నరకు లేవాలి. ప్రార్థన, అరగంట కసరత్తు, స్నానం, ఫలహారం. తర్వాత గ్రంథ పఠనం, తరగతులు, భాషా పాఠం, భోజనం, మళ్లీ తరగతులు. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. పది పన్నెండు మందిని ఒక జట్టుగా కూర్చోబెట్టి పాఠం చెబుతారు. చెప్పేవారు తలపండిన పండితులు కారు. తామూ ఇలాగే రెండేళ్లు తిరిగి వచ్చి కాలేజీలో చదువుకుంటున్న యువతీయువకులే ఎక్కువమంది.

పాఠాలలో చెప్పుకోదగినది నటన. ఒకరు గృహస్థు, ఇద్దరు ప్రచారకులు. గృహస్థు కోప్పడతాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు, కష్టం చెప్పుకుని కంట తడి పెడతాడు. కుర్రవాళ్లు వచ్చీరాని భాషలో జవాబు చెప్పాలి. తడబడితే మళ్లీ మొదటి నుంచి. అసలు నేర్వవలసింది మాట్లాడటం కాదు, ఎదుటివాడు చెప్పేది వినడం అని గురువులు పదేపదే చెబుతారు.

కేంద్రం విడిచిపెట్టగానే శిక్షణ ముగిసినట్లు కాదు. పంపిన ఊరిలో మొదటి 12 వారాలు అనుభవం గల మరో ప్రచారకుని వెంట వుండి పని నేర్చుకోవాలి. పడవ మీద కొత్తగా ఎక్కిన కుర్రవాణ్ణి పాతకాపు పక్కన కూర్చోబెట్టినట్టే ఇదీ.

మాల లేని దీక్ష

అయ్యప్ప దీక్ష తెలిసిన మనవారికి ఈ నియమాలు అర్థం కావడం కష్టం కాదు. మాల వేసుకున్నవారిని వయసుతో పని లేకుండా స్వామి అని పిలుస్తాం. వీరినీ అంతే. పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి ఎల్డర్, అంటే పెద్ద, అని ఇంటి పేరుతో కలిపి పిలుస్తారు. సొంత పేరు రెండేళ్లు పక్కన పెట్టవలసిందే. సినిమా లేదు, టీవీ లేదు, ఆడపిల్లలతో స్నేహం లేదు. మన దీక్ష మండలం రోజులు. వీరిది రెండేళ్లు.

అన్నిటికన్నా గట్టి నియమం జంట. ప్రతి ప్రచారకునికీ ఒక సహచరుడు వుంటాడు. స్నానాల గదికి వెళ్లినప్పుడు తప్ప ఒకరి కనుచూపు మేరలో మరొకరు వుండాలి. ఆ సహచరుణ్ణి ఎంచుకునే హక్కు లేదు. అస్సాం వాడు కావచ్చు, తమిళుడు కావచ్చు. వాడి గురక, వాడి వంట, వాడి అలక అన్నీ భరించాలి. ఆరు వారాలకోసారి మార్పులుంటాయి. అలవాటు పడేలోగా కొత్త ఊరు, కొత్త జంట రావచ్చు. బెంగ పుడితే ఒంటరిగా కూర్చుని ఏడ్చే చోటు కూడా దొరకదు.

వారానికి ఒక రోజు ఆటవిడుపు. పొద్దున బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి కబురు రాయడం. సాయంత్రానికి మళ్లీ టై కట్టవలసిందే. ఇంట్లో అమ్మ వడ్డిస్తే కంచం కూడా ఎత్తని కుర్రవాళ్లు చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, అన్నం వార్చుకోవడం నేర్చేది ఇక్కడే.

మన దేశంలో తీరు వేరు

అమెరికాలోలాగా ఇంటింటికీ పోయి తలుపు తట్టే పద్ధతి మన దేశంలో లేదు. సంఘ సభ్యులు పరిచయం చేసినవారితోనూ, తామై అడిగినవారితోనూ మాట్లాడతారు. విదేశీయులకు వీసా దొరకడం కష్టం కనుక ఇక్కడ పనిచేసేవారిలో భారతీయులే ఎక్కువ. వీరు చట్టం కూడా తెలుసుకోవాలి. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది. అయితే ఎదుటివానిని మతం మార్పించే హక్కు అందులో లేదని సుప్రీం కోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. పుణ్యక్షేత్రాలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది.

మన గోదావరి తీరానికి ఈ వ్యవహారం పాతదే. 1836లో ఇంగ్లండు డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా ఓడ ఎక్కి వచ్చి, సఖినేటిపల్లి రేవుకు అవతల నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు వారే ఆద్యులు. వారికి శిక్షణ కేంద్రమూ లేదు, తిరుగు ప్రయాణానికి గడువూ లేదు. తెలుగు నేర్చుకున్నది ఈ గోదావరి గట్ల మీదనే. ఇంటికి ఉత్తరం రాస్తే చేరడానికి నెలలు పట్టిన రోజులవి.

తల్లి చెవిన పడే మాట

ఉత్తరాల సంగతి వచ్చింది కనుక ఒక మాట. ఈ పిల్లలకు చాలా కాలం పాటు ఇంటితో ఫోనులో మాట్లాడే అవకాశం ఏడాదికి రెండు సార్లే వుండేది. ఒకటి క్రిస్మస్‌కు, రెండోది మాతృ దినోత్సవానికి. మిగతా రోజులు వారానికో ఉత్తరం, తర్వాతి కాలంలో ఈమెయిలు. ఇంటి మీద ధ్యాస పడితే పని మీద మనసు నిలవదని పెద్దల వాదన. అక్కడి తల్లులు ఆ ఒక్క ఫోను కోసం నెలల తరబడి రోజులు లెక్కపెట్టుకునేవారు. చివరికి 2019 ఫిబ్రవరిలో వారానికోసారి ఇంటితో మాట్లాడవచ్చునని సంఘం అనుమతించింది.

గల్ఫులో వున్న బిడ్డ గొంతు విని అన్నం తిన్నావా అని అడిగే మన తల్లికీ, వారికీ తేడా ఏముంది? రెండేళ్ల నియమాన్ని ఎవరు ఎలా మెచ్చుకున్నా, వారానికో మాట చాలా ముందే ఇవ్వవలసిందనిపిస్తుంది.

చదువు మాటేమిటి?

ఇంటర్మీడియెట్ ముగించిన మన కుర్రవాడు ప్రవేశ పరీక్ష రాసి, ఓడలరేవులోని ఇంజనీరింగు కాలేజీలోనో మరోచోటో చేరే వయసు ఇది. సరిగ్గా అప్పుడే రెండేళ్లు పక్కన పెట్టాలి. తిరిగి వచ్చేసరికి తోటివారు మూడో ఏడులో వుంటారు. అమెరికా విశ్వవిద్యాలయాలు సీటు ఆపి వుంచుతాయి. మన దగ్గర ఆ వెసులుబాటు తక్కువ. జీతం లేదు సరికదా, నెలనెలా కొంత కట్టాలి. అమెరికా వారికి 2020 నుంచి అది నెలకు 500 డాలర్లు. లేనివారు ఇచ్చుకోగలిగినంత ఇస్తే మిగతాది సంఘం నిధి భరిస్తుంది.

బీద దేశాలలో తిరిగి వచ్చిన యువకులు పనీ చదువూ లేక మళ్లీ పాత పేదరికంలోనే పడుతున్నారని గుర్తించి, వారి చదువుకు అప్పు ఇచ్చే నిధిని సంఘం 2001లో నెలకొల్పింది. అంటే ఈ కష్టం బయటివారు కల్పించినది కాదు, సంఘ పెద్దలే ఒప్పుకున్నది. ఆరోగ్యం చెడి, మనసు చెదిరి మధ్యలో తిరిగి వచ్చేవారూ వుంటారు. నలుగురిలో తలెత్తుకోలేకపోవడం వారికి అసలు జబ్బు కన్నా పెద్ద బాధ.

లాభం లేదనీ చెప్పలేం. కొత్త భాష, నలుగురిలో జంకు లేకుండా మాట్లాడటం, వేళకు లేవడం, పరాయివాడితో సర్దుకుపోవడం జీవితాంతం అక్కరకు వచ్చేవే.

అడిగి తెలుసుకోవాలి

కోనసీమలో వేదపాఠశాలకు పసిపిల్లవాణ్ణి అప్పగించిన ఇళ్లున్నాయి. సెమినరీకి పంపిన ఇళ్లున్నాయి, మదరసాకు పంపిన ఇళ్లున్నాయి, కువైటుకు పంపిన ఇళ్లూ వున్నాయి. ఏ మతమైనా, ఏ పనికైనా, బిడ్డ గడప దాటే ముందు పెద్దలు అడగవలసిన ప్రశ్నలు ఒకటే. ఖర్చు ఎవరిది? ఇంటితో ఎన్నాళ్లకోసారి మాట్లాడనిస్తారు? జబ్బు చేస్తే చూసేదెవరు? ఆగిపోయిన చదువు మళ్లీ ఎలా సాగుతుంది? వుండలేనని మధ్యలో తిరిగి వస్తే ఎవరేమనుకుంటారు?

నాలుగు ప్రశ్నలకు పంపేవారు జవాబు చెప్పాలి. అయిదో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మనమే. వేట దొరక్క వట్టి వలతో ఒడ్డు చేరిన పడవను మన రేవులో ఎవరూ ఎగతాళి చేయరు. మనిషి క్షేమంగా వచ్చాడా లేదా అన్నదే ముందు చూస్తారు.