నాగమణి - జహర్ మొహరా

లేపాక్షి వీరభద్రాలయ ప్రాంగణంలో ఏడు పడగలు విప్పి శివలింగానికి నీడపట్టిన శిలానాగేంద్రుని చూడనివారు మన సీమలో అరుదు. తల్లి వంట ముగించేలోగా శిల్పులు దానిని మలచినారని జనశ్రుతి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వెలసిన ఆ ఆలయంలో ఊహాజనితమైన యాళి, పొలాలలో తిరుగాడే వృషభం, రెండూ శిలారూపం ధరించినవి. మానవుడు తాను భయపడిన ప్రాణిని పూజించినాడు. పూజించిన ప్రాణిలోనే ఔషధాన్ని వెదకినాడు.

ఇది ఒక్క దేశానికి పరిమితమైన గుణం కాదు. మధ్యయుగపు ఇంగ్లండులో ఒంటికొమ్ము గుర్రపు కొమ్ము సర్వవిషహారి అని నమ్మేవారు. నిజానికి ఆ కొమ్ము ఉత్తర సముద్రాలలోని నార్వాల్ అనే తిమింగలం దంతం. 1405లో మరణించిన ఈజిప్టు పండితుడు దమీరీ, ‘హయాతుల్ హయవాన్’ అనే గ్రంథంలో జంతువులను అక్షరక్రమంలో వర్ణిస్తూ, వాటి ఔషధగుణాలను సైతం పేర్కొన్నాడు. మన పల్లెలలో నాగుపాము పడగపై మణి ఉన్నదంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెద్దలు ‘జహర్ మొహరా’ను, అనగా విషాన్ని హరించే రాయిని తలచుకుంటారు. మేక వంటి జంతువుల కడుపులో ఏర్పడే రాయికి ఫారసీలో ‘పాద్‌జహర్’ అని పేరు. విషానికి విరుగుడు అని దాని అర్థం. అరబ్బుల ద్వారా ఐరోపా చేరి, ఆ మాటే ఇంగ్లీషులో ‘బెజోర్’ అయినది.

ఈ రాయి మహిమను 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే పరీక్షకు పెట్టినాడు. వెండి పాత్రలు దొంగిలించి ఉరిశిక్ష పడిన వంటవాడొకడు, విషం తాగి ఆ రాయితో బ్రతికితే విడుదల అన్న ఒప్పందానికి అంగీకరించినాడు. కొన్ని గంటలు నరకయాతన అనుభవించి మరణించినాడు. క్రూరమైన పరీక్షయే, కాని రాయి బండారం బయటపడినది.

మరి ఇటువంటి నమ్మకాలు నేటికీ ఎందుకు నిలిచినవి? పాములలో అధికభాగం విషరహితాలు. విషసర్పం కూడ కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కాటువేస్తుంది. అట్టి రోగి ఏ చికిత్స లేకున్నా బ్రతుకుతాడు; కీర్తి మాత్రం మంత్రానికో రాతికో దక్కుతుంది. పాముకాటుపై పెట్టే నల్లరాయి తరచు కాల్చిన ఎముక ముక్కయే. సన్నని రంధ్రాలుండుటచే అది తడిగాయానికి అతుక్కొనును గాని, లోపలికి పోయిన విషాన్ని పీల్చజాలదు.

మన మెట్టపొలాలలో ఇది కథ కాదు, ప్రాణసమస్య. నాగుపాము, కట్లపాముల విషం నరాలను స్తంభింపజేస్తుంది. రక్తపింజరి, చిన్నపింజరుల విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెరుపుతుంది. నా విద్యార్థి ఒకని తండ్రి వేరుశనగ చేనులో కాటుకు గురై, రాత్రంతా మంత్రగాని ముంగిట గడిపి, తెల్లవారి ఆసుపత్రి చేరేసరికి ఆలస్యమైనది. ఆ బాలుడు ఆ ఏడు పరీక్షలు వ్రాయలేదు. 2000 నుండి 2019 వరకు దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో మరణించినారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా.

విచిత్రమేమనగా, అసలైన విరుగుడు పామునుండే వచ్చినది. అయితే పడగ మీదినుండి కాదు, కోరలనుండి. విషాన్ని స్వల్పమోతాదులలో గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో ప్రతిద్రవ్యాలు పుట్టును. వాటిని శుద్ధిచేసి సూదిమందు తయారుచేస్తారు. 1890ల దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాల్మెట్ దీనికి బాటవేసినాడు. మన దేశంలో పై నాలుగు సర్పాల విషానికి పనిచేసే మందు లభిస్తున్నది. దానికి కావలసిన విషాన్ని తమిళనాడులోని ఇరుళుల సహకార సంఘం సేకరిస్తూ వచ్చినది. అది 1978లో ఏర్పడినది. తరతరాలుగా పాములు పట్టిన గిరిజనుల అనుభవం ఇక్కడ శాస్త్రానికి చేయూత అయినది. కనుక జానపద జ్ఞానమంతా త్రోసిపుచ్చదగినది కాదు, పరీక్షించి గ్రహించదగినది.

విశ్వాసం హృదయానికి సంబంధించినది. దానిని నేను తూలనాడను. కాని కాటు పడిన వేళ గాయాన్ని కోయరాదు, నోట పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాటుపడిన అవయవాన్ని కదలనీయక, రోగికి ధైర్యం చెప్పి, తక్షణం ఆసుపత్రికి తరలించవలెను. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులారా! ఈ నాలుగు మాటలు మీ ఇంట చెప్పండి. మీరు చదివిన చదువు ఒక్క ప్రాణాన్ని నిలిపినా అంతకు మించిన మణి లేదు.