రక్తపరీక్షలో ఒక్క అంకె చూసి బెంగపడకండి

కుటుంబ నియంత్రణ అంటే బిడ్డలు చాలనడమే కాదు, కోరుకున్న దంపతులకు బిడ్డ కలిగేందుకు తోడ్పడడం కూడా. 1978లో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టింది. నేడు ఎత్తిపోతల ప్రాంతపు దంపతులు గుంటూరు వెళ్లి ఈ చికిత్స చేయించుకోవచ్చు.

పిండాన్ని గర్భసంచిలో ఉంచిన సుమారు రెండు వారాలకు రక్తంలో హెచ్.సి.జి. అనే హార్మోను ఎంత ఉందో చూస్తారు. పిండం అంటుకుంటేనే ఇది రక్తంలో పెరుగుతుంది. తొందరపడి ముందే పరీక్ష చేయించుకోకండి. చికిత్సలో ఇచ్చే ఇంజెక్షనులోనూ ఇదే హార్మోను ఉండవచ్చు. దాన్ని చూసి గర్భం అనుకుని మోసపోతాం.

అంకె తక్కువ వచ్చిందా? చంద్రవంకలో నీళ్లు ఒక్కసారి చూసి వరద పెరుగుతోందో తగ్గుతోందో చెప్పగలమా? ఇదీ అంతే. రెండు రోజులాగి మళ్లీ చూడాలి. నిలిచే గర్భంలో తొలి వారాల్లో ఈ హార్మోను రెండు మూడు రోజులకు దాదాపు రెట్టింపవుతుంది. సరిగా పెరగకుంటే గర్భం నిలవకపోవచ్చు, లేదా గర్భసంచి బయట, అండవాహికలో పెరుగుతూ ఉండవచ్చు. స్కానింగులో సంగతి తేలుతుంది.

ప్రొజెస్టిరాన్ మందు గర్భసంచి లోపలి పొరను నిలబెడుతుంది. డాక్టరు చెప్పందే దాన్ని మానకండి.

కడుపులో తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గర్భం నిలవకపోతే తప్పు ఆమెది కాదు. అత్తమామలు ఆమెను మాటలనకూడదు. భర్త పక్కనుండి ధైర్యం చెప్పాలి.